క్రైస్తవ సద్గుణాలు, పరలోక జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరైనా పోయాక ఆ ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడిక అయ్యాక భోజనాల దగ్గర, ఆదివార బడిలో, ఇంటి ప్రార్థన ముగిసి టీ గ్లాసులు చేతికొచ్చాక జనం అడిగే ప్రశ్నలివి. జవాబులు రాసింది పాస్టరు కాదు, ఆదివార బడిలో పాఠాలు చెప్పే మామూలు విశ్వాసి. మన తెలుగువాళ్లలో కతోలికులున్నారు, లూథరన్లున్నారు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాలున్నాయి. అందరిదీ ఒకే మాట కాని చోట ఎవరేమంటారో చెప్పాను, నా మొగ్గు ఎటో కూడా దాచుకోలేదు.

పరలోకం ఎలా ఉంటుందని అడగ్గానే చాలామంది మేడల గురించి, గుమ్మాల గురించి మొదలుపెడతారు. నేను మనుషుల దగ్గర మొదలుపెడతాను. అక్కడివాళ్లు ఒకరితో ఒకరు ఎలా ఉంటారో తెలిస్తే ఆ చోటు గురించి సగం తెలిసినట్టే. అందుకే ఇక్కడ గుణాల ప్రశ్నలు, పరలోకం ప్రశ్నలు కలిసే ఉన్నాయి.

క్రైస్తవ సద్గుణాలు మొత్తం ఎన్ని?

బైబిల్లో ఒకే జాబితా అంటూ లేదు. పౌలు 1 కొరింథీ 13లో మూడు చెప్పాడు: విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ. గలతీ 5లో ఆత్మఫలం అని తొమ్మిది చెప్పాడు: ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం. పేతురు రెండో పత్రిక మొదటి అధ్యాయంలో మరో వరస ఉంది, విశ్వాసంతో మొదలై దయతో ముగుస్తుంది. కొండమీద ప్రసంగంలో యేసు గుణాల పేర్లు చెప్పడం కాదు, మనుషుల్ని చూపించాడు: ఆత్మవిషయమై దీనులైనవారు, దుఃఖపడేవారు, సాత్వికులు, కనికరం గలవారు, సమాధానపరిచేవారు.

కతోలికులు ఉపదేశం తరగతుల్లో ఏడు నేర్చుకుంటారు. పౌలు చెప్పిన మూడూ దైవిక సుగుణాలు. వివేకం, న్యాయం, ధైర్యం, మితం అనే నాలుగూ మూల సుగుణాలు. ఈ నాలుగు ప్లేటో కాలం నుంచే గ్రీకుల్లో ఉన్నవి. మూల సుగుణాలన్న పేరు 4వ శతాబ్దపు మిలాన్ బిషప్ అంబ్రోసుతో వచ్చింది. 13వ శతాబ్దంలో కతోలిక పండితుడు థామస్ అక్వినాస్ ఏడింటి గురించీ విడమరిచి రాశాడు. పరీక్ష రాసే పిల్లలకు ఈ అంకెలు కావాలి. మిగతావాళ్లకు అంత అవసరం లేదు.

మంచి గుణాలు ఉంటే చాలా, పరలోకం వచ్చేసినట్టేనా?

కాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం సంఘాలన్నీ దాదాపు ఒక దగ్గరికే వచ్చాయి. ఎఫెసీ 2:8-9 ప్రకారం రక్షణ కృప వల్ల, దేవుడిచ్చే వరం. మన క్రియల ఫలితం కాదు. 16వ శతాబ్దంలో కతోలిక సభతో మార్టిన్ లూథర్ తగాదా అంతా దీని మీదే. కతోలిక సభ, ప్రపంచ లూథరన్ సమాఖ్య 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నీతిమంతులుగా తీర్చబడటం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. కృప వల్లే అంగీకరించబడతామని, ఆ కృపే మనల్ని మంచి పనులకు సిద్ధం చేస్తుందని అందులో ఇద్దరూ ఒప్పుకున్నారు.

అయితే గుణాలు ఎందుకు అంటారు. అవి టికెట్ డబ్బులు కావు, వెళ్లబోయే చోట బతికే పద్ధతి. పద్ధతి ఇప్పుడే మొదలవుతుంది కాబట్టే యాకోబు క్రియలు లేని విశ్వాసం మృతమైనదన్నాడు.

యేసు పక్కన సిలువ వేసిన దొంగ సంగతేమిటని ఈపాటికి ఎవరో ఒకరు అడుగుతారు. అతనికి మంచి పనులు చేసే టైమే లేదు కదా అని. లూకా 23 నిదానంగా చదవండి. ఉన్న ఆ కాసేపట్లో అతను చేసినవి చూడండి: తన తప్పు తాను ఒప్పుకున్నాడు, పక్కవాడు నింద వేస్తుంటే అడ్డుపడ్డాడు, తప్పు చేయని వాడి తరఫున మాట్లాడాడు, ఆ తర్వాతే తన కోసం అడిగాడు. మేకులతో బిగించిన మనిషికి నోరు ఒక్కటే మిగిలింది. దాన్ని అంత బాగా వాడినవాళ్లు నాకు తెలిసి తక్కువ.

మూడింటిలో ప్రేమే శ్రేష్ఠమని పౌలు ఎందుకన్నాడు?

"కాగా విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యీ మూడును నిలుచును, వీటిలో శ్రేష్ఠమైనది ప్రేమయే." పెళ్లి కార్డుల మీద కూడా వేస్తారు ఈ వాక్యాన్ని. దానికి ముందు వచనంలోనే కారణం ఉంది: ఇప్పుడు అద్దంలో చూసినట్టు చూస్తున్నాం, అప్పుడు ముఖాముఖిగా చూస్తాం. కళ్లారా చూశాక నమ్మాల్సిన పని ఉండదు, చేతికి అందాక ఎదురుచూడాల్సిన పని ఉండదు. ప్రేమకు మాత్రం అక్కడా పని ఉంటుంది. అక్వినాస్ వివరణ ఇదే.

2వ శతాబ్దంలో లయన్స్ బిషప్ ఐరేనియస్ ఇంకోలా అన్నాడు. మూడూ నిలుస్తాయని పౌలే అన్నాడు కదా, అక్కడ కూడా దేవుడు నేర్పుతూనే ఉంటాడు, మనిషి నేర్చుకుంటూనే ఉంటాడు, కాబట్టి నమ్మకానికీ నిరీక్షణకూ చోటుంది అని. నాకు ఐరేనియస్ మాటే నచ్చుతుంది. అన్నీ తెలిసిపోయిన మనిషితో ఒక గంట కూర్చోవడమే కష్టం, అలాంటివాళ్లతో నిండిన లోకంలో నిత్యత్వం గడపడం నా ఊహకు అందదు.

ప్రేమ లేకుండా మిగతా అన్నీ ఉంటే ఎలా ఉంటుందో తెలుగు సంఘాలకు బాగా తెలిసిన ఒక మనిషి చెప్పారు. వి.ఎస్. అజరయ్య తిరునెల్వేలి తమిళుడు, 1909లో సేవకు దోర్నకల్ వచ్చారు. మరుసటి ఏడు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, ఎదురుగా కూర్చున్న పాశ్చాత్య మిషనరీలతో ఈ అధ్యాయం మాటలతోనే మాట్లాడారు. మీరు బీదల పోషణకు ఆస్తి ఇచ్చారు, కాల్చబడటానికి శరీరాలూ ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. కొందరికి అది రుచించలేదు. 1912లో ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. పెట్టేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద ఉంటే దాన్ని దాతృత్వం అనొచ్చు, 1 కొరింథీ 13లోని ప్రేమ అనలేం.

పరలోకంలో కష్టమే ఉండదంటారు. మరి ఓర్పు, ధైర్యం ఎందుకు పనికొస్తాయి?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. కాకపోతే మనకంటే ముందే అడిగారు. మంచివాళ్లు చనిపోయాక చేరతారని పాతకాలం గ్రీకులు నమ్మిన ధన్యుల ద్వీపాల్లో ప్రమాదం లేదు కాబట్టి ధైర్యం అక్కర్లేదు, ఇంకొకరి సొమ్ము మీద ఆశ ఉండదు కాబట్టి న్యాయం అక్కర్లేదు అని రోమన్ వక్త సిసెరో వాదించాడు. హిప్పో బిషప్ అగస్టీను దానికి జవాబు రాశాడు. గుణం పోదు, అది చేసే పని మారుతుంది అన్నాడు. న్యాయం అంటే దేవునికి చెందాల్సింది దేవునికి ఇవ్వడం, అది అక్కడా ఉంటుంది. ధైర్యం అంటే ఇక్కడ కష్టానికి తట్టుకోవడం, అక్కడ దేవుణ్ని గట్టిగా అంటిపెట్టుకొని ఉండటం.

ఓర్పు విషయంలో నా ఆలోచన ఇది. మంచంలో ఉన్న అత్తగారికి రోజూ స్నానం చేయించి, చెప్పిందే పదిసార్లు చెబితే విసుక్కోకుండా విన్న కోడలుంది. పరలోకంలో ఆ అత్తగారికి జబ్బు లేదు, కోడలు ఓర్చుకోవాల్సిందీ లేదు. కానీ అన్నేళ్లు ఓర్చుకోవడంలో ఎదుటి మనిషి మీద ఆమెకు పెరిగిన శ్రద్ధ ఎక్కడికి పోతుంది? అది ఆమెతోనే వెళ్తుంది. పట్టాల్సిన బరువు లేని చేయి ఎంత తేలిగ్గా ఉంటుందో అప్పుడు ఆమెకే తెలుస్తుంది.

సాత్వికం అంటే ఏమన్నా పడి ఉండటమా?

ముమ్మాటికీ కాదు. భూమి మీదున్న వాళ్లందరిలోకీ మిక్కిలి సాత్వికుడని సంఖ్యాకాండం 12:3 చెప్పేది మోషే గురించి. ఆ మోషే ఫరో ముందు నిలబడి నా జనాన్ని వదిలిపెట్టమని పదేపదే అడిగినవాడు. "నేను సాత్వికుడను" అన్న యేసు దేవాలయంలో రూకలు మార్చేవాళ్ల బల్లలు పడదోశాడు. తనకోసం కోపం తెచ్చుకోకపోవడం సాత్వికం. పక్కవాడికి జరిగే అన్యాయం చూసి ఊరుకోవడం దానికిందికి రాదు.

తాగొచ్చి కొట్టే భర్త దగ్గర "సహించమ్మా, పరలోకంలో నీకు కిరీటం ఉంది" అని ఆడవాళ్లను వెనక్కి పంపే పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ సలహాకు లేఖనంలో ఆధారం లేదు. ఆమె ముందు క్షేమంగా ఉండాలి. దీర్ఘశాంతం గురించి అతనికి ఎవరైనా చెబితే బాగుంటుంది.

పరలోకం ఆశ చూపి పేదల్ని ఊరుకోబెట్టారనే విమర్శకు మీ జవాబు?

కొన్నిచోట్ల అది జరిగింది, కాదనను. కానీ ఒంగోలు చరిత్ర చూస్తే కథ అంత సులువుగా లేదు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమందికి అక్కడ కూలి దొరికింది. ఎక్కువమంది మాదిగలు. ఎర్రగుంట్ల పేరయ్యలాంటి స్థానిక బోధకులు తవ్వకం పనుల మధ్యే వాక్యం చెప్పారు. కరువు సాయం సాగినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఊరుకోబెట్టారా అంటే, ఆ సంఘాలవాళ్లు చచ్చిన పశువుల మాంసం తినం, జాతర్లలో డప్పు కొట్టం, ఆదివారం పనికి రాం అని మొండికేశారు. దానికి ఊళ్లలో దెబ్బలు తిన్నారు. పైలోకంలో తమకూ చోటుందని నమ్మినవాడు కింద తన చోటు ఇంతేనని ఒప్పుకోవడం తగ్గించాడు. కనీసం అక్కడ పరలోకం మత్తుమందు కాలేదు.

చనిపోగానే ఎక్కడికి వెళ్తాం?

మన ఆదరణ కూడికల్లో "ప్రభువునందు నిద్రించారు" అంటారు, "మహిమలో ప్రవేశించారు" అనీ అంటారు. ఒకే బ్యానర్ మీద రెండూ చూశాను. ఇందులో నిజంగానే రెండు ధోరణులున్నాయి. చివరి దినాన లేపబడేదాకా నిద్రేనని కొందరు, ముఖ్యంగా అడ్వెంటిస్టులు, బోధిస్తారు. ఎక్కువ సంఘాలు మాత్రం "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అనే మాటనూ, వెడలిపోయి క్రీస్తుతో ఉండాలని ఉంది అన్న పౌలు మాటనూ పట్టుకొని, ఆత్మ వెంటనే ప్రభువు దగ్గరికి వెళ్తుందని, శరీరం తిరిగి లేవడం, అంటే పునరుత్థానం, ఆ తర్వాత చివరి దినాన జరుగుతుందని చెబుతాయి.

ఇది పెద్దపెద్దవాళ్లకే తలనొప్పి అయిన ప్రశ్న. 22వ యోహాను పోపు 1331లో, అప్పట్లో పోపులుండే అవిన్యోఁలో (ఇప్పటి ఫ్రాన్స్), పరిశుద్ధుల ఆత్మలు కూడా తీర్పు దినం వరకు దేవుణ్ని ముఖాముఖిగా చూడవని ప్రసంగించాడు. గొడవ లేచింది. 1334లో మరణశయ్య మీద ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. తర్వాత వచ్చిన 12వ బెనెడిక్టు 1336లో, శుద్ధమైన ఆత్మలు వెంటనే చూస్తాయని అధికారికంగా ప్రకటించాడు. కతోలికులు మధ్యలో ఉత్తరించు స్థలాన్ని (పరలోకం చేరేముందు ఆత్మలు శుద్ధి పొందే స్థితిని) కూడా నమ్ముతారు, పోయినవాళ్ల కోసం పూజలు చేయిస్తారు. ప్రొటెస్టంట్లు దాన్ని ఒప్పుకోరు. అయినా నవంబర్ 2న సమాధుల పండుగకు తెలుగు ఊళ్లలో రెండువైపుల వాళ్లూ సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఒకరు వాళ్ల కోసం ప్రార్థిస్తారు, ఒకరు వాళ్లను బట్టి కృతజ్ఞత చెబుతారు.

అక్కడ శరీరం ఉంటుందా? తింటామా?

ఉంటుంది. ఆత్మగా గాల్లో తేలడం క్రైస్తవ నిరీక్షణ కాదు. "శరీర పునరుత్థానమును నమ్ముచున్నాను" అని ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో చెబుతూ కూడా చాలామంది ఈ సంగతి గమనించరు. లేచిన యేసు ఎలా ఉన్నాడో అదే మనకున్న ఒకే నమూనా. తలుపులు మూసి ఉన్నా లోపలికి వచ్చాడు, కానీ భూతం కాదని చూపడానికి కాల్చిన చేపముక్క అందరి ముందూ తిన్నాడు. తోమాకు గాయాల గుర్తులు చూపించాడు. ఆ గుర్తులు పోలేదు, నొప్పి పోయింది. మనం పడినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయేమో, మనం మనంగా ఉండమేమో అని భయపడేవాళ్లకు నేను ఈ సంగతే చూపిస్తాను.

భార్యాభర్తలు అక్కడ కలిసే ఉంటారా?

పునరుత్థానమే లేదనే యూదు వర్గంవాళ్లు సద్దూకయ్యులు యేసును చిక్కులో పెట్టడానికి ఏడుగురు అన్నదమ్ములను వరసగా చేసుకున్న స్త్రీ కథ చెప్పి, ఆమె ఎవరి భార్య అని అడిగారు. పునరుత్థానంలో పెళ్లి చేసుకోరు, పెళ్లికియ్యరు అన్నాడాయన. యాభై ఏళ్లు కాపురం చేసినవాళ్లకు ఈ మాట కష్టంగానే ఉంటుంది. గుర్తుపట్టరని గానీ ప్రేమించరని గానీ ఆయన అనలేదు. సద్దూకయ్యుల కథలో ఆ స్త్రీ ఒక ఇంటి వంశం నిలబెట్టడానికి ఒకరి తర్వాత ఒకరికి అప్పగించబడిన మనిషి, ఆమెకు ఏం కావాలో ఎవరూ అడగలేదు. ఇకమీదట ఆమె ఎవరి సొత్తూ కాదన్నది నాకు ఆ జవాబులో వినిపిస్తుంది. కాపురంలో సుఖపడని వాళ్లు ఈ వచనం చదివి హమ్మయ్య అనుకోవడం కూడా నేను విన్నాను, అదీ న్యాయమే.

ఎప్పుడూ పాటలు పాడుతూ కూర్చోవడమేనా? బోర్ కొట్టదా?

పదో తరగతి పిల్లలు తప్పకుండా అడుగుతారు. రాత్రంతా సాగే ఉజ్జీవ కూడికల్లో ప్లాస్టిక్ కుర్చీలో నిద్రాపుకున్న వాళ్ల భయం అర్థమవుతుంది. ప్రకటన గ్రంథంలో పాటలున్న మాట నిజం. కానీ 22:3లో ఆయన దాసులు ఆయన్ని సేవిస్తారని ఉంది, అంటే పని ఉంది. లూకా 19లో నమ్మకంగా ఉన్న దాసుడికి బహుమానంగా దొరికింది విశ్రాంతి కాదు, పది పట్టణాల బాధ్యత.

యెషయా 65 ఇంకా బాగుంటుంది. జనం ఇళ్లు కట్టుకొని వాటిలోనే కాపురముంటారు, ద్రాక్షతోటలు నాటి వాటి పండ్లు తామే తింటారు, వాళ్లు కట్టుకున్న ఇళ్లలో వేరొకరు కాపురముండరు. అద్దె ఇంట్లో ఉండి అపార్టుమెంట్లు కట్టే తాపీ మేస్త్రీకి, కౌలు కట్టి మిరప వేసే రైతుకు ఈ వాక్యం వినిపించి చూడండి, బోర్ అన్న మాటే రాదు. పని పోవడం కాదు, పని ఫలితం ఇంకొకడు ఎత్తుకుపోవడం ఆగుతుంది.

4వ శతాబ్దపు నిస్సా బిషప్ గ్రెగొరీ ఇంకో సంగతి చెప్పాడు. దేవునికి హద్దు లేదు కాబట్టి ఆయన్ని తెలుసుకోవడానికీ హద్దు ఉండదు, ఎంత తృప్తి పడితే అంత ఆకలి పెరుగుతుందన్నాడు.

బంగారు వీధులు, ముత్యాల గుమ్మాలు నిజంగా ఉంటాయా?

ప్రకటన 21లో పట్టణం పొడవు, వెడల్పు, ఎత్తు సమానం. గ్రీకు మూలంలో ఒక్కొక్కటి 12,000 స్తాదియలు, అంటే సుమారు 2,200 కిలోమీటర్లు. అంత ఎత్తు పట్టణాన్ని ఇంజనీరు ప్లానులా చదివితే కుదరదు. ఆ ఆకారం యెరూషలేము దేవాలయంలో అతి పరిశుద్ధ స్థలానిది, దాని కొలతలు కూడా మూడువైపులా సమానమే. ఏడాదికి ఒక్కసారి ఒక్క ప్రధాన యాజకుడు మాత్రం అడుగుపెట్టే గది ఇప్పుడు అందరూ తిరిగే ఊరైంది. అందుకే అక్కడ దేవాలయం వేరేగా లేదని 22వ వచనం చెబుతుంది. బంగారం సంగతికొస్తే, అక్కడ దాని మీద నడుస్తారు. తాకట్టు పెట్టరు.

"సముద్రము ఇకను లేదు" అని రాసుంది. మాది చేపలు పట్టే ఊరు. మా సంగతేంటి?

తీర ప్రాంతం వాళ్లు అడిగారంటే తమాషాకి కాదు. ప్రకటన గ్రంథం రాసిన యోహాను ఈ దర్శనం చూసింది పత్మాసు ద్వీపంలో ప్రవాసంలో ఉండి. చుట్టూ ఉన్న సముద్రమే అతన్ని తన సంఘాల నుంచి విడదీసింది. 13వ అధ్యాయంలో మృగం పైకి వచ్చేది సముద్రంలోంచే. యూదుల ఊహలో సముద్రం అంటే అదుపులేని నాశనం. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు 10,000 మందికి పైగా పోయారు. ఆ రాత్రి బతికి బయటపడ్డ ఇంట్లో ఈ వచనం చదివితే వివరణ అక్కర్లేదు.

అలాగని దేవుడికి సముద్రం మీద పగ లేదు. యేసు మొదటి శిష్యులు వలలు వేసేవాళ్లే. లేచాక ఆయన తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి వాళ్లకు చేపలు కాల్చిపెట్టాడు, ఆ పూట వలలో 153 పడ్డాయి. పోయేది మనుషుల్ని మింగే సముద్రమని నా అభిప్రాయం.

1,44,000 మందికే చోటుందా?

యెహోవా సాక్షులు పరలోకానికి వెళ్లేది అంతమందేనని, మిగతా నమ్మకస్తులు భూమ్మీద జీవిస్తారని చెబుతారు. ప్రకటన 7లోని ఆ అంకెను మిగతా సంఘాలు గుర్తుగా తీసుకుంటాయి, 12 గోత్రాలకు 12,000 చొప్పున. ఆ వెంటనే 7:9లో ఎవరూ లెక్కపెట్టలేని గొప్ప సమూహం కనబడుతుంది.

పరలోకానికి వెళ్లొచ్చామనే సాక్ష్యాలు నమ్మొచ్చా?

యూట్యూబ్‌లో ఇవి బోలెడు. అక్కడ ఎవరిని చూశారో, ఎవరిని నరకంలో చూశారో కూడా చెబుతారు. ఆ రెండో భాగంలో తరచుగా తమకు గిట్టని పాస్టర్లు ఉంటారు. నేను రెండు విషయాలు చెబుతాను. లాజరు నాలుగు రోజులు సమాధిలో ఉండి లేచాడు, యోహాను సువార్తలో అతను అక్కడేం చూశాడో ఒక్క మాట లేదు. పౌలు మూడో ఆకాశానికి కొనిపోబడ్డాడు, పద్నాలుగేళ్ల దాకా ఆ మాటెత్తలేదు, ఎత్తినప్పుడు కూడా ఆ విన్నవి మనుషుడు పలకకూడనివి అని ఆపేశాడు. కళ్లు మూతపడబోయే వేళ ఎవరికైనా ఏదైనా కనబడి శాంతి కలిగితే నేను ఎగతాళి చేయను. దాన్ని కానుకల కవరుతో పాటు ఊరూరా తిప్పితే మాత్రం జేబు చూసుకోండి.

మా అమ్మానాన్నలు హిందువులుగానే పోయారు. వాళ్లను మళ్లీ చూడనా?

మొదటితరం విశ్వాసులకు ఇంతకన్నా బరువైన ప్రశ్న లేదు. నా ద్వారానే తప్ప ఎవడూ తండ్రి దగ్గరికి రాడన్న యోహాను 14:6ను బట్టి, బతికుండగా క్రీస్తును ఒప్పుకోవాల్సిందేనని చాలా సంఘాలు అంటాయి. తమ తప్పు లేకుండా సువార్త తెలియక, నిష్కపటంగా దేవుణ్ని వెదికి, మనస్సాక్షి చెప్పినట్టు నడిచినవాళ్లు కూడా రక్షణ పొందగలరని, అది కూడా కృప వల్లేనని కతోలికుల రెండో వాటికన్ మహాసభ 1964లో చెప్పింది. తీర్పు తీర్చే పని మనకు ఇవ్వలేదన్నది ఇద్దరూ ఒప్పుకునే మాట. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అని అబ్రాహాము దేవుణ్నే అడిగాడు, దేవుడు కోప్పడలేదు. మీరూ అడగొచ్చు. మీకు మొదట కనికరం నేర్పింది ఆ అమ్మే అయితే, ఆ సంగతి మీకంటే ముందు దేవునికి తెలుసు.

ఆత్మహత్య చేసుకున్నవాళ్లకు పరలోకం లేదా?

అలాగని బైబిల్లో ఎక్కడా లేదు. తీవ్రమైన మానసిక వేదన, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, వాళ్ల రక్షణ విషయంలో ఆశ వదులుకోవద్దని 1992 నాటి కతోలిక సత్యోపదేశ గ్రంథం స్పష్టంగా చెబుతుంది. భూస్థాపనకు నిరాకరించడం, సంఘంలో ఆ ఇంటివాళ్లను వేరుగా చూడటం పాత క్రూరత్వాలు, ఇంకా అక్కడక్కడా మిగిలాయి. మీకే అలాంటి ఆలోచనలు వస్తుంటే ఈ పేజీ వదిలేసి ఎవరితోనైనా మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

మా కుక్కపిల్ల వస్తుందా?

యెషయా 11లో తోడేలు, గొర్రెపిల్ల, చిరుతపులి, మేకపిల్ల ఉన్నాయి. రోమా 8లో సృష్టి అంతా విడుదల కోసం ఎదురుచూస్తోంది. రాదని చెప్పే ధైర్యం నాకు లేదు.

అక్కడ కులం ఉంటుందా?

ప్రతి జనంలోనుంచి, ప్రతి వంశంలోనుంచి, ప్రజల్లోనుంచి, ఆయా భాషలు మాట్లాడేవాళ్లలోనుంచి వచ్చినవాళ్లు కలిసి నిలబడ్డారని ప్రకటన 7:9. కాబట్టి భాషలు ఉంటాయి, తెలుగు ఉంటుంది, బహుశా అన్ని యాసలతో. ఎవరు ఎక్కువ అన్నది ఉండదు. ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటూ సంబంధాల దగ్గరికొచ్చేసరికి మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు అని విడిపోయే మనకు అక్కడ మొదటి రోజు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. పక్కన ఎవరు కూర్చుంటారో మనం ఎంచుకోలేం.

ఈ గుణాలు ఎలా అలవడతాయి? ప్రార్థన చేస్తే వచ్చేస్తాయా?

ప్రార్థన కావాలి, చేతికి పని కూడా కావాలి. మన పల్లె సంఘాల్లో పిడికెడు బియ్యం అనే అలవాటు ఉంది. ఇంటామె అన్నం వండే ప్రతిసారీ, బియ్యం కడగకముందే ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యాన్ని గుడికి తెచ్చి గంపలో పోస్తుంది. గంపలో సన్నబియ్యం, రేషన్ బియ్యం కలిసిపోతాయి, ఎవరిది ఎంతో తెలియదు. ఆ పిడికెడు మిగిలిపోయినదాంట్లోంచి కాదు, మొదట తీసినది. ఇంట్లో ఆరుగురికి చాలీచాలని రోజు కూడా చేయి అలవాటుగా అటే వెళ్తుంది. ఇవ్వాలా వద్దా అన్న చర్చ మనసులో రాకముందే చేయి ఇచ్చేస్తుంది చూడండి, అక్వినాస్ పేజీలకు పేజీలు రాసిన సుగుణం అదే.

క్షమించడం కూడా అంతే. పొలం గట్టు తగాదాలో మాటలు మానేసిన తమ్ముడిని పరలోకంలో కౌగిలించుకుంటానని అనుకోవడం సులువు. ఈ వారం ఫోన్ చేయడం కష్టం.

ఆదరణ కూడికలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏం చెప్పాలి?

"దేవుడు తన తోటలోకి మంచి పువ్వును కోసుకున్నాడు" అనకండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ దేవుడు దొంగలా కనిపిస్తాడు. ఏడవకూడదని చెప్పకండి, లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. పోయినమనిషిలో మీరు చూసిన ఒక్క గుణం, జరిగిన ఒక్క సంగతితో చెప్పండి: ఎవరికి అప్పు ఇచ్చి అడగలేదు, ఎవరి పిల్లకి ఫీజు కట్టారు. 1 థెస్సలొనీక 4 చదవండి. రక్షణ లేనివాళ్లు ఎక్కడికి పోతారో ఆ రోజు చెప్పాల్సిన అవసరం లేదు, బంధువుల్లో సగంమంది ఇతర విశ్వాసాల వాళ్లు ఉంటారు, వాళ్లు కూడా ఏడుస్తున్నవాళ్లే. మైకు మీ చేతిలో పది నిమిషాలకు మించి ఉండకుండా చూసుకోండి. మీ తర్వాత ఇంకా ముగ్గురు పాస్టర్లు ఉంటారు.